అడుగు చెక్క

గోడకు వీపు ఆనించి కూర్చుంటే మనుషులు ఎదురుగానే వస్తారు. ఆ సంగతి ముసలాయన ఈ ఏడాదిలోనే కనిపెట్టాడు. ఇంట్లో ఆయన చోటు ఇదివరకు కిటికీ పక్కన ఉండేది. అక్కడ గాలి వచ్చేది, రేవు కనిపించేది. ఇప్పుడు తలుపుకు ఎదురుగా, మూలగా, గాలి ఆడని చోట పీట వేసుకుంటున్నాడు. ఎందుకు మారావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నడుము నొప్పి అని ఒక సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎవరూ అడక్కపోవడంతో ఆ సమాధానం నోట్లోనే పులిసిపోయింది.

ఆ ఉదయం పెద్దకొడుకు తడి చెప్పులతోనే లోపలికి వచ్చాడు. ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, తండ్రి ముఖంలోకి చూస్తూ, మాట మాటా విడదీసి చెప్పాడు. పక్క రేవులో ఒక పడవ అమ్మకానికి వచ్చింది. చెక్క పడవ, ఇంజను బాగుంది, ఇంకెవరో కూడా అడుగుతున్నారు. ఏటేటా వేట మీద పెట్టే నిషేధం ఈ వారంలోనే ఎత్తేస్తారు. ఈసారి కూడా తమ్ముడు పరాయి పడవలో కూలికి పోకూడదంటే ఇవాళే చూసి తేల్చేయాలి.

"నువ్వొచ్చి ఒకసారి చెవి పెట్టు నాన్నా," అన్నాడు చివరికి.

రేవులో ఆయన్ను చెవాయన అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు మిగల్లేదు. పడవ కొనేవాళ్ళు చూడాల్సినవన్నీ ఎవరికి వాళ్ళే చూసుకుంటారు. ఇంజను నూనె వేలికి రాసుకుని తెల్లబడిందేమో చూస్తారు. చుక్కానిని రెండు చేతులా పట్టుకుని ఊపుతారు. మేకుల తలల చుట్టూ తుప్పు కారిందేమో వెతుకుతారు. అన్నీ అయ్యాక ఆయన్ను తీసుకొస్తారు. ఆయన లోపలికి దిగి, అడుగు చెక్కల మీద పక్కకు తిరిగి పడుకుని, కుడి చెవిని చెక్కకు ఆనిస్తాడు. బయట చిన్న తెప్ప మీద నిలబడి ఒకడు కొయ్యసుత్తితో పడవ పొట్టను ముక్కు నుంచి వెనక దాకా తట్టుకుంటూ పోతాడు. గట్టి చెక్క జవాబు చెబుతుంది. లోపల కుళ్ళిన చెక్క దెబ్బను మింగేస్తుంది. అంతసేపూ ఒడ్డున ఎవరూ మాట్లాడరు, దగ్గు వచ్చినా ఆపుకుంటారు. ఆయన లేచి ఒకే మాట చెబుతాడు. తీసుకోండి అంటాడు, లేకపోతే వద్దంటాడు. రెండోసారి అడగటం ఉండదు. ఆయన చెవి పెట్టిన పడవను మళ్ళీ ఒడ్డుకు లాగి గీకి చూడటం, పొడిచి చూడటం ఉండదు. అలా చేస్తే ఆ ముసలి మనిషి మీద చెయ్యి చేసుకున్నట్టే లెక్క.

మొదట పోయింది మనవరాలి గొంతు. తర్వాత గిన్నెల చప్పుడు. వాన పడుతోందని కిటికీలోంచి చూసి తెలుసుకోవడం ఎప్పుడు మొదలైందో ఆయనకే గుర్తు లేదు. చాలాకాలం దాన్ని తనలో జరుగుతున్న సంగతి అనుకోలేదు. లోకంలో మర్యాద తగ్గిపోయి అందరూ గొణగడం నేర్చుకున్నారని అనుకున్నాడు. ఆ కోపం కొన్ని నెలలు ఆయనకు తోడుగా ఉంది. అదీ పోయాక మిగిలింది ఒక రకం చాకిరీ. పదిమందీ నవ్వినప్పుడు వెనకబడకుండా నవ్వాలి. ఎదుటివాడి కనుబొమలు పైకి లేస్తే అది ప్రశ్న అయి ఉంటుంది కనుక దగ్గాలి, లేదా చూద్దాంలే అనాలి. సాయంత్రానికి ముఖం నొప్పి పుట్టేది.

ఒంట్లో బాగోలేదని చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ పెద్దకొడుకు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ఆ నవ్వులో చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకోమని అడిగినప్పటి ఆశ ఉంది. ముసలాయన లేచి తువ్వాలు అడిగాడు. చిన్న కోడలు తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెంటనే వెళ్ళలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ కాసేపు నిలబడింది.

*

పడవ తెల్లగా మెరుస్తోంది. రంగు కొత్తగా వేశారు. ఆ వాసన రేవు మెట్ల దగ్గర నుంచే తెలిసింది. అమ్మే మనిషి బొజ్జ మీద చేతులు పెట్టుకుని అందరికీ వినపడేలా మాట్లాడుతున్నట్టున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నారు. ఈ పడవను కడిగినంత శ్రద్ధగా ఒంటికి నీళ్ళు పోసుకుని ఉంటే మా ఆవిడ నన్ను పక్కన కూర్చోనిచ్చేదని ఏదో అన్నాడు. అందుకనే అమ్మేస్తున్నారా అని గుంపులో ఒకడు అడిగాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ముసలాయన కూడా వెనకబడకుండా నవ్వాడు.

చిన్నకొడుకు నవ్వులో కలవలేదు. వాడు ఏ పనైనా నెమ్మదిగా చేస్తాడు. ఇంజను మీద మూత తీసి మోకాళ్ళ మీద కూర్చుని బెల్టులు లాగి చూశాడు. నూనె వేలికి రాసుకుని ఎండలో పెట్టి చూశాడు. ఇరుసు బయటికి పోయే చోట చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళు వాసన చూసుకున్నాడు. తర్వాత లోపలికి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. లేచినప్పుడు ముఖంలో ఒక ముడి ఉంది.

లోపల నీళ్ళు చేరితే వాటంతటవే తోడే పంపులు రెండున్నాయి. రెండూ కొత్తవి. పొడిగా ఉండే పడవకు రెండు కొత్త పంపులు ఎందుకని వాడు అడిగినట్టున్నాడు. అమ్మే మనిషి అరచేతులు తిప్పి చూపించాడు, ఒకటి మొరాయిస్తే రెండోది పనికొస్తుందని. ఒడ్డుకు లాగించి అడుగు చూసుకుంటామని చిన్నాడు అన్నాడు. అమ్మే మనిషి దీనికి నవ్వలేదు. పెద్దకొడుకు వైపు చూశాడు.

ముఖాలు చూడటమే పనిగా పెట్టుకున్న ముసలాయన ఆ చూపును చూశాడు. బేరం మధ్యలో అలాంటి చూపులు మామూలే అనుకున్నాడు.

"నాన్న ఉండగా ఒడ్డుకు లాగడమెందుకురా?" అన్నాడు పెద్దాడు. ఈ మాట తండ్రి వైపు తిరిగి అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. చిన్నకొడుకు ముఖంలో ముడి విడిపోయింది. వాడు కొయ్యసుత్తి తీసుకుని తెప్ప మీదకు దిగాడు.

లోపల నేల పొడిగా ఉంది. మరీ పొడిగా, అప్పుడే గుడ్డపెట్టి తుడిచినట్టుగా ఉంది. రంగు వాసన కింద ఇంకో వాసన ఏదో ఉందనిపించింది. గాలి పీల్చి దాన్ని పట్టుకోబోతే మళ్ళీ రంగే ముక్కుకు తగిలింది. ఆయన తువ్వాలు మడిచి భుజం కింద పెట్టుకున్నాడు. పక్కకు తిరిగి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకోవడం ఆయన పద్ధతి. కళ్ళు మూస్తే చెవి పెద్దదయ్యేది. పడవ మొత్తం ఆ చెవిలో పట్టేది. ఇప్పుడు కళ్ళు మూయగానే పడవ లేదు, రేవు లేదు, పైన నిలబడ్డ కొడుకు లేడు. చెంప కింద చల్లదనం ఒక్కటే ఉంది. అందులోంచి ఒక చిన్న తోపుడు వచ్చింది. అది చప్పుడు కాదు. చెంప ఎముకను ఎవరో వేలితో మెల్లగా నొక్కినట్టు ఉంది. కాసేపటికి ఇంకొకటి, తర్వాత మరొకటి. చిన్నాడు ముక్కు దగ్గర నుంచి వస్తున్నాడు. ప్రతి దెబ్బా ఒకేలా ఉంది. ఒకే మనిషి ఒకే మాటను గోడ అవతల నుంచి చెబుతున్నట్టుంది. అది మంచిమాటో చెడ్డమాటో గోడ ఇవతలికి రావడం లేదు.

వెనక భాగం వైపు వచ్చాక ఆ తోపుడు ఆగిపోయింది.

ఆయన ఎదురుచూశాడు. చిన్నాడు తెప్పను జరుపుకుంటూ ఉండాలి. ఇంకా ఎదురుచూశాడు. ఏమీ లేదు. వాడు తట్టడం ఆపేశాడా? తడుతూనే ఉన్నాడా? తడుతుంటే దెబ్బను ఎవరు మింగుతున్నారు? చెక్కా, చెవా? ఇంతకాలం నిశ్శబ్దమంటే ఆయనకు ఒక్కటే అర్థం ఉండేది. చెక్క చచ్చిపోయిందని. ఇప్పుడు ఆ నిశ్శబ్దం తనకూ చెక్కకూ మధ్య పడి ఉంది, ఎవరిదో తేలకుండా. లేచి, మళ్ళీ తట్టమని చెప్పొచ్చు. ఆయన ఎన్నడూ మళ్ళీ తట్టమనలేదు. మళ్ళీ తట్టించుకున్నాడన్న సంగతి చాలు, సాయంత్రానికి రేవు మొత్తం పాకడానికి.

కళ్ళు తెరిచాడు. పైన చతురస్రపు ఆకాశంలో పెద్దకొడుకు తల ఉంది. ఆ తల అప్పటికే ఊగుతోంది, జవాబు వినేసినట్టుగా.

ముసలాయన చెక్క మీద చెయ్యి ఆనించి లేచాడు. తువ్వాలు దులుపుకున్నాడు.

"తీసుకోండి," అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. తెప్ప మీద చిన్నకొడుకు సుత్తిని భుజాన వేసుకుని, ఎండకు కళ్ళు చికిలించి, తండ్రి వైపు చూసి నవ్వాడు.

*

పడవ సొంత రేవుకు వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి దాని పక్కలను గుర్రాన్ని చరిచినట్టు చరిచి వెళ్ళారు. చెవాయన చెవి పెట్టాడటగా అని ఒకరికొకరు చెప్పుకోవడం ఆయన చూశాడు. ఇద్దరు కూలీలు వేటకు వస్తామని మాట ఇచ్చారు. పెద్దకొడుకు ఎప్పటిలాగే ఒడ్డున ఉండి ఐసు, డీజిలు, అమ్మకం చూసుకుంటాడు. సముద్రం మీదకు పోయేది చిన్నవాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మూలన కూర్చుని ఉండగా చిన్న కోడలు వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడింది. పిల్ల నిద్రపోతోంది. ఆమె చేతులకు సబ్బు నురగ ఉంది. కొంగుతో ఒక్కో వేలినీ తుడుచుకుంటూ, ఆయన తన పెదవులు చూసేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"మామయ్యా, నిన్న పడవలో మీకు వినపడిందా?"

పడవల సంగతి నీకెందుకమ్మా అన్నాడాయన. కోపంగా అందామనుకున్నాడు. ఎలా వచ్చిందో తెలీదు.

"పడవల సంగతి నాకు తెలీదు. మీ సంగతి తెలుసు," అంది. "పొద్దున పాలగిన్నె మీ వెనకే పడింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. మీరు అటు తిరగలేదు."

ఆయన దగ్గాడు. ఆమె ఆ దగ్గు అయ్యేదాకా ఓపిక పట్టింది. ఆ ఓపిక ఆయనకు దెబ్బలా తగిలింది. ఎన్నాళ్ళుగానో ఈ దగ్గులన్నింటి అర్థం ఆమెకు తెలుసన్నమాట.

భర్తతో చెప్పానంది. మా నాన్నను అంత మాటంటావా అని నిన్నటి నుంచి తనతో మాట్లాడటం లేదంది. బావగారితో చెప్పాలంటే తనకు నోరు రాలేదంది. ఇవన్నీ నెమ్మదిగా, ఫిర్యాదు కానట్టుగా చెప్పి, చివరి మాట మాత్రం చాలా స్పష్టంగా అంది.

"మీరు చెప్పారనే ఆయన ఎక్కుతున్నారు. ఇంకెవరు చెప్పినా ఎక్కేవారు కాదు."

తర్వాత లేచి ఉతికే బట్టల దగ్గరకు వెళ్ళిపోయింది. ఆమె బట్టను రాతికేసి కొడుతుంటే ముసలాయన చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి లేవడం, దిగడం, నురగ చిమ్మడం కనిపిస్తున్నాయి. ఏ చప్పుడూ లేకుండా ఆ బట్ట ఎవరినో అదే పనిగా కొడుతోంది.

ఎండ వాలాక ఆయన రేవుకు వెళ్ళాడు. పడవ కట్టేసి ఉంది, లోపల ఎవరూ లేరు. ఒడ్డున రాయి మీద కూర్చున్నాడు. పడవ పక్కన, రంగు వేసిన చెక్కలోంచి బయటికి వచ్చిన పంపు గొట్టం ఒకటి ఉంది. చూస్తుండగా ఆ గొట్టంలోంచి నీళ్ళు సన్నని ధారగా పడ్డాయి. కాసేపటికి ఆగిపోయాయి. గొట్టం కింద రంగు మీద తడి మెరిసింది. ఆ తడి అంచులు ఎండుతూ లోపలికి ముడుచుకుంటున్నాయి. పూర్తిగా ఆరేలోపే గొట్టం మళ్ళీ నీళ్ళు కక్కింది.

ఆయన చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. ఒక్కసారైనా ఆ మచ్చ పూర్తిగా ఆరుతుందేమోనని చూశాడు. ఆరలేదు. కదలని నీళ్ళలో, బరువు లేకుండా, తాడుకు కట్టి ఉన్న పడవ అది. వలలూ మనుషులూ ఐసూ ఎక్కాక, అలలు వెనక నుంచి కొట్టాక ఎలా ఉంటుందో ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికి ఎంత బలం పడుతుందో ఆ సాయంత్రం ఆయనకు తెలిసింది.

చెక్క పడవ అన్నాక కొద్దో గొప్పో నీళ్ళు లాగుతుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు నీళ్ళలో ఉంటే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి అనుకున్నాడు. ఇవన్నీ నిజాలే. ఇతరులకు ఎన్నోసార్లు చెప్పిన నిజాలే. ఈ పడవ మాత్రం ఎన్నాళ్ళ నుంచో నీళ్ళలోనే ఉంది.

*

వలల కొట్టంలో పెద్దకొడుకు ఒక్కడే ఉన్నాడు. వలను రెండు మేకుల మధ్య సాగదీసి, తెగిన కళ్ళు వెతుకుతూ, దొరికిన చోట దారం పోసి ముడి వేస్తున్నాడు. తండ్రిని చూసి వల వదిలేసి, వెలుతురు తన ముఖం మీద పడేలా గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. వాడు ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. ఇన్నాళ్ళూ ముసలాయన దాన్ని గమనించలేదు.

చెప్పాల్సిన మాటను దారంతా నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు. తీరా వచ్చాక అది చాలా చిన్నదిగా బయటపడింది.

"ఒరే, నాకు వినపడదు."

పెద్దకొడుకు చేతిలోని దారాన్ని ఉండకు ఒక చుట్టు చుట్టాడు. ఇంకో చుట్టు చుట్టాడు.

"తెలుసు నాన్నా."

ఎప్పటి నుంచి అని ముసలాయన అడగలేదు. వాడే చెప్పాడు. పోయిన వేసవిలో పడవను లాగే చక్రం మీద తాడు తెగి మీదకు వస్తుంటే వెనక నుంచి అరిచాను, నువ్వు తిరగలేదు, నేను వచ్చి తోసేశాను, నువ్వు నన్ను తిట్టావు. అప్పటి నుంచీ సంతలో, రేవులో, చుట్టాల ఇంట్లో నీ బదులు నేనే జవాబులు చెబుతున్నాను. ఎవరికీ తెలియనివ్వలేదు.

అది నిజం. ముసలాయన కళ్ళ ముందు ఏడాది మొత్తం తిరిగింది. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు పెద్దాడు పక్కన ఉండటం, నవ్వాల్సిన చోట ముందుగా వాడు తనవైపు చూడటం గుర్తొచ్చాయి. తను ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువుకు ఇంకో భుజం ఉందని ఆయనకు తెలిసింది. తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు. ఎంతో ప్రేమగా అనిపించింది. ఆ ప్రేమలోంచే, చాలా నెమ్మదిగా, రెండో ఆలోచన తల ఎత్తింది.

"మరి తెలిసి నన్నెందుకు తీసుకెళ్ళావు?"

పెద్దకొడుకు గుమ్మం బయటికి చూశాడు. ఎవరూ లేరని చూసుకుని, తండ్రి వైపు తిరిగి, పెదవులు స్పష్టంగా కదిలేలా చెప్పాడు. వెనక భాగంలో అడుగు చెక్క ఒకటి, దాని పక్కది సగం మెత్తబడ్డాయి. అమ్మేవాడు మొదటిరోజే చెప్పాడు. అందుకే మన అందుబాటులోకి వచ్చింది, లేకపోతే అలాంటి ఇంజనున్న పడవ మనకెవడిస్తాడు. లప్పం పెట్టి రంగు వేశారు, పంపులు కొత్తవి. ఒక్క నెల వేట సాగితే ఒడ్డుకు లాగించి రెండు చెక్కలూ మార్పిస్తాను. దూరం పోవద్దని వాడికి చెబుతాను.

"వాడికి చెక్క సంగతి చెప్పావా?"

"చెబితే ఎక్కడు. వాడి సంగతి నీకు తెలీదా? నువ్వు తీసుకోమంటే తప్ప ఎక్కడు."

వాడి ముఖంలో మోసం లేదు. ముసలాయన దాని కోసమే వెతికాడు. అలసట ఉంది. పరాయివాళ్ళ రేవుల్లో తక్కెడ పట్టుకుని నిలబడి నిలబడి వచ్చిన అలసట అది. సొంత పడవ అనే మాట దగ్గర వెలిగే ఒక మెరుపు ఉంది. వాడు తన లెక్కను నిజంగా నమ్ముతున్నాడు. అదే ఎక్కువ భయం వేసింది.

"ఆ నెల రోజులూ నువ్వు ఎక్కుతావా?" అని అడిగాడు.

పెద్దకొడుకు దారం ఉండ వైపు చూశాడు. దాని కొస ఎక్కడుందో వెతుకుతున్నట్టు తిప్పాడు.

"అమ్మకం ఎవరు చూస్తారు నాన్నా?" అన్నాడు.

తర్వాత లేచి తండ్రి భుజం నొక్కాడు. ఇన్నాళ్ళూ నీ మాట నేను దాచాను, అన్నాడు. మిగిలిన సగం అనలేదు. మళ్ళీ వల ముందు కూర్చుని తెగిన కన్ను వెతుక్కున్నాడు.

*

నిషేధం ఎత్తేసిన ఉదయం రేవంతా మనుషులే. పడవల మీదకు ఐసు పెట్టెలు చేతులు మారుతున్నాయి. ఆయన చేరేసరికి ఇంజను నడుస్తోంది. అది ఆయనకు అరికాళ్ళ కింద రేవు బల్లల వణుకుగా తెలిసింది. కూలీలిద్దరూ వల మడతలు సర్దుతున్నారు. చిన్నకొడుకు చుక్కాని దగ్గర ఉన్నాడు. చిన్న కోడలు పిల్లను చంకనేసుకుని మెట్ల మీద నిలబడింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం లేదు. పెద్దకొడుకు కట్టు తాడు విప్పడానికి వంగాడు.

"దిగు," అన్నాడు ముసలాయన చిన్నవాడితో. "ఈ పడవ బాగోలేదు."

చిన్నవాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగాడు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి దానితోపాటు రెండోది కూడా చెప్పాడు.

"నాకు చెవులు వినపడవురా. ఆ రోజు నాకేమీ వినపడలేదు."

తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలీదు. ఐసు మోస్తున్న చేతులు ఉన్నచోటే ఆగాయి. పక్క పడవల మీద తలలు ఇటు తిరిగాయి. రేవంతా విన్నదని అలా తెలిసింది. ముఖం కాలిపోతున్నట్టుంది. అయినా లోపల ఎక్కడో పెద్ద తాడు ఒకటి వదులైంది. ఇక ఏమీ దాచనక్కర్లేదు.

చిన్నకొడుకు పెదవులు కదిలాయి. మరి బాగోలేదని నీకెలా తెలిసింది?

"మీ అన్న చెప్పాడు."

అందరి ముఖాలూ పెద్దవాడి వైపు తిరిగాయి. వాడు తాడు వదిలేసి పడవలోకి దూకాడు. తమ్ముడి దగ్గరకు వెళ్ళి, తండ్రికి వీపు పెట్టి నిలబడి, భుజం మీద చెయ్యి వేశాడు. ఏడాదిలో మొదటిసారి ఆయనకు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. ముసలాయనకు చొక్కా కుట్టు, మెడ మీద చెమట తప్ప ఏమీ కనపడలేదు. ఆ వీపు చాలా నిదానంగా, ఎంతో ఓర్పుగా మాట్లాడింది. ఒకసారి తల అడ్డంగా ఊగింది. ఒకసారి చెయ్యి గాలిలో తిరిగి కణత దగ్గర ఆగింది.

ఆ భుజం మీదుగా చిన్నవాడి ముఖం కనిపిస్తోంది. అందులో ముడి బిగిసింది, సడలింది, కరిగిపోయింది. కరిగిపోయాక వాడు తండ్రి వైపు చూసి నవ్వాడు. పడిపోయిన పిల్లను చూసి, ఏమీ కాలేదులే అని నవ్వే నవ్వు అది. కూలీలు నీళ్ళలోకి చూశారు. పక్క పడవవాళ్ళు మళ్ళీ ఐసు అందుకున్నారు.

ముసలాయనకు అర్థమైంది. చెవిని వదిలేస్తే చేతిలో నిజం మిగులుతుందనుకున్నాడు. చెవితోపాటు నోరు కూడా పోయింది. వినపడని మనిషి తీసుకోండి అన్నా ఒకటే, వద్దన్నా ఒకటే. మెట్ల మీద చిన్న కోడలు ఒక్కతే నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

ఆయన పడవలోకి అడుగు పెట్టాడు. ఎవరో చెయ్యి అందించారు, సాగనంపడానికి వచ్చాడనుకుని. ఆయన వలల మీదుగా నడిచి, వెనక మూత తీసి, లోపలికి దిగాడు. వంగి, వెనక భాగం దాకా పాకి, అడుగు చెక్కల మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. ఇంజను వణుకు పళ్ళ దాకా పాకింది. ఇవాళ నేల పొడిగా లేదు.

కాసేపటికి చిన్నవాడు దిగాడు. లే నాన్నా, పోటు నీళ్ళు తగ్గిపోతున్నాయి, ఇప్పుడు పోకపోతే రేవు దాటలేం అన్నాడు. ఆయన లేవలేదు. కూలీ ఒకడు భుజం పట్టుకోబోతే ముసలాయన పడవ పక్కటెముకను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆయన బరువు ఎంతో లేదు. ఎత్తి ఒడ్డున పెట్టేయొచ్చు. చిన్నకొడుకు కూలీని వారించాడు.

"ఇంజను ఆపు," అన్నాడు ముసలాయన. "ఒక్కసారి ఇక్కడ పడుకో. తర్వాత నీ ఇష్టం."

వాడు పైకి చూసి ఏదో చెప్పాడు. చెంప కింద వణుకు ఆగిపోయింది. మూత చుట్టూ తలలు చేరాయి. వాటి మధ్య పెద్దవాడి తల ఉంది. చిన్నవాడు, ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకన్నట్టుగా, ఎదురుగా పక్కకు తిరిగి పడుకుని చెవి చెక్కకు ఆనించాడు. తండ్రీ కొడుకుల ముఖాల మధ్య జానెడు దూరం ఉంది. వాడి ఊపిరి ఆయన పెదవులకు తగులుతోంది.

ముసలాయన నడుము దగ్గర ఉన్న చెక్కను వేలి కణుపులతో తట్టాడు. తట్టి కొడుకు ముఖం చూశాడు. ఏమీ లేదు. ఓపిక మాత్రం ఉంది. పక్క చెక్కను తట్టాడు. అదే ఓపిక. చెయ్యి వెనక్కి జరిపి, తడిగా ఉన్న చోట తట్టాడు.

చిన్నవాడి రెప్పలు కదిలాయి.

అక్కడే మళ్ళీ తట్టాడు. వాడి ఊపిరి ఆయన పెదవులకు తగలడం ఆగింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. తండ్రి చేతిని పక్కకు తప్పించి తనే తట్టాడు. గట్టిగా తట్టాడు. దాని పక్కన తట్టాడు, దాని అవతల తట్టాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, గట్టి చెక్కను ఒకసారి, దీన్ని ఒకసారి, దాన్ని ఒకసారి తట్టి చూశాడు. తట్టిన ప్రతిసారీ ముసలాయన ఆ ముఖంలోంచి చెక్కను వింటున్నాడు. ఇంత స్పష్టంగా ఆయన ఏ చెక్కనూ వినలేదు.

చివరికి వాడి చెయ్యి ఆగిపోయింది. కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళు తండ్రి మీద నిలవలేదు. తల మెల్లగా ఎత్తి, మూత చుట్టూ ఉన్న ముఖాల్లో ఒకదాన్ని వెతికి పట్టుకుని, దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. వాడి ముఖంలో ఉన్నది భయం కాదు. భయమైతే ముసలాయన వీపు నిమిరి పోగొట్టేవాడు. అన్నం పెట్టిన చేతిని మొదటిసారి తిప్పి చూస్తున్న చూపు అది. దాన్ని ఏ లప్పమూ మూయదని, ఈ ఇంట్లో ఇక ఆ చూపు ఉంటుందని ఆయనకు తెలిసిపోయింది. వాడు బతికాడు. ఆ సంతోషం కోసం ముసలాయన ఎదురుచూశాడు. అది వెంటనే రాలేదు.

పైన పెద్దకొడుకు పెదవులు కదలడం మొదలుపెట్టాయి. వెలుతురు నేరుగా వాడి ముఖం మీదే పడుతోంది. ఏం చెబుతున్నాడో తెలుసుకోవడం కష్టం కాదు. ముసలాయన తల తిప్పి, చెంప మళ్ళీ చెక్కకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.